చేప ఒంటి మీది జిగురు, చెరువులో కలిసే మందు: మన ఇళ్ళకు తెలియాల్సిన వివరాలు

దొడ్డబళ్ళాపురంలో తరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో చేపల అంగడికి వెళ్తే రోహు, కాట్లా అనే అడుగుతాం. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో మాత్రం శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అన్న పేర్లు ఇంకా వినిపిస్తాయి. పేరు ఏదైనా, బెంగళూరు చుట్టుపక్కల అంగళ్ళకు వచ్చే మంచినీటి చేపలో చాలా భాగం ఆంధ్ర చెరువుల్లో పెరిగి, ఐసు మధ్య లారీ ఎక్కి వచ్చినదే. "చేపలకు కూడా యాంటీబయాటిక్‌లు పెడతారట, ఆ చేప తింటే రేపు మనకు జ్వరం వస్తే మందు పనిచేయదట, నిజమేనా?" అని సంఘం సభ్యులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఫోన్లలో తిరిగే సందేశాల్లో కొంత నిజం, కొంత భయం కలిసిపోయి ఉంటాయి. రెండిటినీ విడదీసి, తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నాం.

ముందుగా ఒక మాట. 2018 జులైలో ఆంధ్ర చేపల్లో ఫార్మలిన్ ఉందని అస్సాం ప్రభుత్వం కొన్నాళ్ళు ఆ చేపల దిగుమతి ఆపేసింది. చాలామంది ఆ గొడవనూ ఈ గొడవనూ ఒకటే అనుకుంటున్నారు. ఫార్మలిన్ అనేది చచ్చిన చేప కుళ్ళకుండా ఉండటానికి చల్లే రసాయనం. యాంటీబయాటిక్ అనేది బతికున్న చేపకు జబ్బు చేసినప్పుడు, లేదా చేస్తుందేమోనన్న భయంతో మేతలో కలిపే మందు. మొదటిది వ్యాపారి చేతిలో జరిగే పని, రెండోది చెరువు గట్టు మీద జరిగేది. ఈ వ్యాసం రెండోదాని గురించి మాత్రమే.

చేప చర్మం

మన చర్మానికి పైన చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది. గీరితే పొట్టులా రాలేది అదే. చేపకు అలాంటి పొర లేదు. దాని చర్మం పైకంటా బతికున్న కణాలే. పొలుసులు చర్మానికి పైన అతికించిన పెంకుల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి అవి లోపలి పొరలో నాటుకుని ఉంటాయి, వాటి మీద పల్చటి చర్మం కప్పి ఉంటుంది. అంటే ఒక్క పొలుసు ఊడినా, దానితోపాటు బతికున్న చర్మం పోయి పుండు పడినట్టే.

ఈ లోటు తీర్చేది జిగురు. చేతిలోంచి చేప జారిపోవడానికి కారణమైన ఆ జిగురులో సూక్ష్మజీవుల్ని చంపే లైసోజైమ్ వంటి పదార్థాలు, రోగనిరోధక ప్రోటీన్లు ఉంటాయి. పాత జిగురు నీటిలో కొట్టుకుపోతూ, దానికి అంటిన క్రిముల్ని కూడా మోసుకుపోతుంది. కొత్త జిగురు ఊరుతూనే ఉంటుంది. ఆ జిగురులోనే కాపురం ఉండే బాక్టీరియా కూడా ఉంది. ఏరోమోనాస్, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్, ఫ్లావోబాక్టీరియం జాతులు ఆరోగ్యంగా ఉన్న చేప ఒంటి మీద కూడా మామూలుగా ఉంటాయి. ఇందులో చాలావరకు చేపకు హాని చేయవు. కొన్ని అయితే చోటు ఆక్రమించుకుని చెడ్డవాటిని రానివ్వవు. పెరుగు తోడు బాగుంటే పాలలో వేరే పులుపు పుట్టనట్టు అనుకోండి.

ఏరోమోనాస్ హైడ్రోఫిలా అన్నదాన్ని గుర్తు పెట్టుకోవాలి. అది మంచినీరు ఉన్న ప్రతిచోటా ఉంటుంది. చేప గట్టిగా ఉన్నంతకాలం ఊరుకుంటుంది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా, చేపలు కిక్కిరిసినా, చర్మం చిరిగినా లోపలికి దూరుతుంది. ఒంటి మీద ఎర్ర మచ్చలు, రెక్కల మొదట్లో రక్తపు చారలు, పొట్ట ఉబ్బడం కనిపిస్తాయి. రైతులు దీన్ని ఎర్ర మచ్చల జబ్బు అంటారు. తోక, మొప్పలు కుళ్ళే జబ్బుకు ఫ్లావోబాక్టీరియం కాలమ్నేర్ కారణం. 1988లో మన దేశంలోకి వచ్చి లక్షలాది చేపల ఒంటి మీద పుండ్లు పుట్టించిన జబ్బు ఇంకొకటి ఉంది. దానికి మూలం బాక్టీరియా కాదు, నీటిలో పెరిగే బూజు లాంటి జీవి. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. ఈ తేడా తెలియక మందు పోసిన చెరువులు ఎన్నో.

కొల్లేరు చుట్టూ

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో 1980ల నుంచి చేపల చెరువులు పెద్ద ఎత్తున తవ్వారు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. సరస్సు లోపలి చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే తెగగొట్టింది. అయినా చుట్టుపక్కల సాగు తగ్గలేదు. చేపల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

అక్కడి మేత పద్ధతి చూడని వాళ్ళకు చెప్పాలి. తవుడు, చెక్క కలిపి ప్లాస్టిక్ బస్తాల్లో నింపి, బస్తాలకు చిల్లులు పొడిచి, చెరువులో వరుసగా పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. తక్కువ ఖర్చుతో తెలివిగా కనిపెట్టిన పద్ధతి ఇది. మందు కూడా ఈ బస్తాలోనే కలుస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. జబ్బు చేసిన చేప ముందుగా మానేసేది మేతనే. కాబట్టి మందు తినేది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న చేప.

లెక్క వేసి చూద్దాం. ఆక్సిటెట్రాసైక్లిన్ అనే మందును చేపలకు వాడేటప్పుడు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 80 మిల్లీగ్రాముల చొప్పున, 10 రోజులు ఇవ్వడం వాడుకలో ఉన్న మోతాదు. 75 మిల్లీగ్రాములు అనుకుంటే, ఒక టన్ను చేపకు రోజుకు 75 గ్రాములు, 10 రోజులకు ముప్పావు కిలో. మనిషి అర గ్రాము మాత్రలు రోజుకు 3 చొప్పున 5 రోజులు వేసుకుంటే అయ్యేది ఏడున్నర గ్రాములు. అంటే ఒక్క టన్ను చేపకు వేసే మందు, బరువులో, 100 మంది మనుషులు వాడే దానితో సమానం. పైగా ఈ మందు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలకు అతుక్కుని చేప పేగులో సరిగ్గా ఇంకదు. ఎక్కువ భాగం రెట్టతో బయటికి వచ్చి అడుగు బురదలో చేరుతుంది, అక్కడ వారాలు, ఒక్కోసారి నెలలు నిలుస్తుంది. ఆ బురదలో ఉన్న బాక్టీరియాకు అదే బడి. తక్కువ మోతాదులో, ఎక్కువ కాలం, చావకుండా నేర్చుకునే బడి.

ఇంకో దారి కోళ్ళ ఎరువు. చెరువులో పచ్చదనం పెరగడానికి కోళ్ళ ఫారాల పెంట వేయడం మామూలే. కోళ్ళకు వాడిన మందుల మిగులు, మందులకు లొంగని బాక్టీరియా దానితోపాటు చెరువుకు చేరుతాయి. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు ఆ చుట్టుపక్కల కొన్న 70 కోడిమాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ మిగులు దొరికింది. రైతు ఒక్క గ్రాము మందు కొనకపోయినా అతని చెరువులో మందు ఉండవచ్చునని చెప్పడానికే ఈ మాట.

చలికాలంలో చేప పేను పడుతుంది. నాణెం లాంటి చిన్న పురుగు, ఆర్గ్యులస్ అంటారు. చేప ఒంటికి పట్టుకుని సూది లాంటి ముక్కుతో పొడుస్తుంది. చేప గట్టుకూ కర్రలకూ ఒళ్ళు రుద్దుకుంటుంది, పొలుసులు ఊడతాయి, జిగురు పోతుంది, ఏరోమోనాస్ లోపలికి వెళ్తుంది, ఎర్ర మచ్చలు కనిపిస్తాయి. అప్పుడు రైతు మందుల షాపుకు వెళ్తే యాంటీబయాటిక్ ఇస్తారు. మచ్చలు తగ్గినట్టే తగ్గి, పేను అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ వస్తాయి. మళ్ళీ మందు. రైతును తిట్టి లాభం లేదని మా అభిప్రాయం. అప్పు తెచ్చి చేపపిల్ల వేసినవాడు చచ్చి తేలే చేపను చూస్తూ, పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆగలేడు. చెరువు దగ్గర పరీక్షశాల కన్నా మందుల షాపు దగ్గర.

భీమవరంలో పుట్టిన మనిషి

ఈ కథలో మన తెలుగువాళ్ళకు తెలియాల్సిన పేరొకటి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో ఇదే భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో లోకానికి ప్రకటించిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే ఏడు సుబ్బారావు కన్నుమూశారు. రెండేళ్ళకు ఫైజర్ కంపెనీ ఆ కుటుంబానికే చెందిన ఆక్సిటెట్రాసైక్లిన్ తెచ్చింది. పైన లెక్క వేసిన మందు అదే.

ఆయన పోయిన కొద్దికాలానికి, అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లల మేతలో విటమిన్ బి12 కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పి పెట్టిన కోళ్ళు వేగంగా పెరుగుతున్నాయని గమనించారు. జబ్బు లేని జంతువుకు బరువు కోసం యాంటీబయాటిక్ పెట్టే అలవాటు అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. భీమవరంలో పుట్టిన మనిషి నీడలో తయారైన మందు కుటుంబం ఇప్పుడు భీమవరం చెరువుల అడుగు బురదలో ఉండటం ఎవరూ అనుకున్నది కాదు. సుబ్బారావు గారి మీద ఇందులో ఏ తప్పూ లేదని మళ్ళీ చెప్పనవసరం లేదు.

లొంగకపోవడం ఎలా పాకుతుంది

మందుకు లొంగని బాక్టీరియా తన పిల్లలకే ఆ గుణం ఇస్తే పెద్ద ప్రమాదం లేదు. కానీ బాక్టీరియా లోపల ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట ఉంటుంది. పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా దాని నకలు అందించగలదు. ఆఫీసులో ఒక సర్క్యులర్‌ను అన్ని సెక్షన్లకూ నకళ్ళు తీసి పంపినట్టు. 1959లో జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని విరేచనాల బాక్టీరియాలో మొదట గమనించారు. చేపల ఏరోమోనాస్‌లో కూడా అలాంటి ప్లాస్మిడ్లు ఉన్నాయని ఆ తర్వాత అక్కడే తేలింది.

అందుకే చేప ఒంటి మీది బాక్టీరియా మనిషికి జబ్బు చేసేదా కాదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందుల నుంచి బాక్టీరియాను కాపాడే ఒక జన్యువు అసలు నీటిలో బతికే షెవానెల్లా అనే జాతి నుంచి వచ్చిందని 2005లో కనిపెట్టారు. కొలిస్టిన్ అనేది ఇంకే మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరగా వాడేది. దానికి లొంగని ప్లాస్మిడ్ జన్యువు 2015లో చైనాలో బయటపడింది. 2017లో దొరికిన దాని చుట్టం ఒకటి ఏరోమోనాస్‌లోని జన్యువును బాగా పోలి ఉంది. భారత ప్రభుత్వం 2019 జులైలో కోళ్ళు, చేపలతో సహా ఆహార జంతువులన్నిటికీ కొలిస్టిన్ నిషేధించింది. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవారు ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది అని 2022లో లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. అందులో చేపల చెరువుల వాటా ఎంత అని విడదీయడం కుదరదు. మనుషులకు అనవసరంగా వాడే మందుల వాటా మాత్రం పెద్దదే.

నీటి సంగతి వచ్చింది కాబట్టి పటాన్‌చెరు చెప్పకుండా ఉండలేం. హైదరాబాదు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ అది. ఆ చుట్టుపక్కల చెరువుల్లో లొంగని బాక్టీరియా విరివిగా ఉన్నట్టు తర్వాతి పరిశోధనల్లో తేలింది. మన దగ్గర దొడ్డతుమకూరు వైపు కెరెల్లో పట్టణపు మురుగూ, ఫ్యాక్టరీల నీళ్ళూ కలుస్తున్నాయని అక్కడి గ్రామస్థులు చేస్తున్న ఆందోళన మన సభ్యులకు తెలిసిందే. మందు వేయని కెరె చేప కదా అని నిశ్చింతగా ఉండటానికి వీలు లేదు. పట్టణపు మురుగులో మన ఇళ్ళలో మింగిన మందులన్నీ ఉంటాయి.

చట్టం ఎంతవరకు వచ్చింది

రొయ్యకు ఒక న్యాయం, చేపకు ఒక న్యాయం అన్నట్టుగా ఉంది. రొయ్య విదేశాలకు పోతుంది. యూరప్ దేశాలు 2016లో మన రొయ్యల సరుకులో పరీక్షించే భాగాన్ని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాయి. ఆ దెబ్బకు ఎగుమతిదారులు, ఎంపెడా సంస్థ కలిసి పరీక్షశాలలు, రిజిస్టర్లు పెట్టుకున్నారు. మన పళ్ళెంలోకి వచ్చే శీలావతికి తెల్లవాడి బెదిరింపు లేదు కాబట్టి అంత తనిఖీ లేదు.

అలాగని చట్టమే లేదనకూడదు. చేపలో ఆక్సిటెట్రాసైక్లిన్ కిలోకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల, చేపల సాగులో చాలాకాలంగా నిషిద్ధం. 2025 మార్చిలో కేంద్రం ఆ రెండిటినీ ఆహార జంతువులన్నిటి కోసం తయారు చేయడం, అమ్మడం కూడా నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆక్వా సాగుకు ప్రత్యేకంగా ఒక అథారిటీ పెడుతూ చట్టం చేసింది. చేపల్లో, పశువుల్లో లొంగని బాక్టీరియా ఎంత ఉందో నమూనాలు తీసి చూసే జాతీయ వ్యవస్థను ఐసీఏఆర్ సంస్థ ఎఫ్ఏఓ తోడ్పాటుతో నడుపుతోంది. కాగితం మీద దారి బాగానే ఉంది. చెరువు దగ్గర ఏ మందు, ఎంత, ఏ తేదీన వేశారన్న పుస్తకం రాసే అలవాటు వచ్చినప్పుడే ఇందులో ఏదైనా కదులుతుంది. గుమాస్తా ఉద్యోగం చేసినవాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

మందు లేకుండా కుదరదా అంటే, కుదిరిన దేశం ఉంది. నార్వేలో 1987లో సాల్మన్ చేపలకు సుమారు 48 టన్నుల యాంటీబయాటిక్ వాడారు. ఆ తర్వాత పిల్ల చేపలకు టీకాలు వేయడం, చెరువులకు బదులు సముద్రంలో వాడే వలపంజరాలకు మధ్య దూరం పాటించడం మొదలుపెట్టారు. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగి 10 లక్షల టన్నులు దాటింది, మందు ఒక టన్నుకన్నా తగ్గిపోయింది. సాల్మన్ ఖరీదైన చేప, ఒక్కొక్కదానికి సూది వేసినా గిట్టుతుంది. మన శీలావతికి ఆ లెక్క సరిపోదు. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా వాళ్ళు వేరే దారి పట్టారు. ఎంపిక చేసి పెంచిన జయంతి రోహు రకాన్ని 1997లో విడుదల చేశారు, ఏరోమోనాస్‌ను తట్టుకునే వంశాల కోసం కూడా పని చేశారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గర్లోనే, మన అర్కావతి నీళ్ళు చేరే హెసరఘట్టలో ఉంది. చేపల సాగు చేసే బంధువులున్నవాళ్ళు ఈ సంగతి వాళ్ళ చెవిన వేయవచ్చు.

వంటింట్లో

చేపను చూసి దానిలో మందు ఉందో లేదో, లొంగని బాక్టీరియా ఉందో లేదో చెప్పలేం. ఎర్రటి మొప్పలు, మెరిసే కళ్ళు చేప తాజాదని మాత్రమే చెబుతాయి. ఒంటి మీద పుండ్లు, ఎర్ర మచ్చలు, కుళ్ళిన తోక ఉంటే వద్దనండి.

బాగా మరిగిన పులుసులో బాక్టీరియా బతకదు. మందుకు లొంగనిదైనా మంటకు లొంగుతుంది. మందు మిగులు మాత్రం ఉడికితే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కాబట్టి వండిన చేప కన్నా పచ్చి చేపతోనే జాగ్రత్త. 2015లో సింగపూర్‌లో పచ్చి మంచినీటి చేప తిన్నవాళ్ళకు స్ట్రెప్టోకోకస్ జబ్బు పెద్ద ఎత్తున వచ్చింది. మన ఇళ్ళలో పచ్చి చేప తినే అలవాటు లేదు, సంతోషం. అయితే చేప కడిగిన సింకులోనే కొత్తిమీర కడగడం, అదే పీట మీద ఉల్లిపాయ కోయడం మాత్రం ఉంది.

మన అమ్మలు ఉప్పు, బూడిద వేసి రుద్దేవారు. జిగురు వదలడానికి అది మంచి పద్ధతే, పట్టు కూడా దొరుకుతుంది. క్రిములన్నీ చస్తాయని మాత్రం అనుకోవద్దు, జిగురుతోపాటు చాలా పోతాయి, అంతే. కుళాయి గట్టిగా తిప్పితే చుట్టూ చిందుతుంది. గిన్నెలో నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళు పారబోసి, సింకునూ కత్తినీ సబ్బుతో కడిగాకే కూరగాయలు ముట్టుకోండి. అంగట్లోనే కోయించుకున్నా ఇంట్లో మళ్ళీ ఇదే పని, ఎందుకంటే అక్కడ అన్ని చేపలకూ అదే కత్తి, అదే మొద్దు.

చేతికి గాయం ఉన్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు గ్లవుజులు వేసుకోవడం మంచిది. ముల్లు గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో బాగా కడగండి. మర్నాటికి వాపు, ఎరుపు, నొప్పి పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ ఉంది కదా అని వేసుకోవద్దు. ఏరోమోనాస్ ఆంపిసిలిన్‌కు పుట్టుకతోనే లొంగదు, దాని చెల్లెలు అమాక్సిసిలిన్‌కూ సాధారణంగా అంతే. మాత్రల అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిదని గుర్తు. 2016 నుంచి దాని గురించి ప్రభుత్వం ప్రచారం చేస్తోంది. డాక్టరుకు "ముల్లు గుచ్చుకుంది" అని మాత్రమే కాకుండా, అది చేప ముల్లు అనీ, మంచినీటి చేపదో సముద్రపు చేపదో కూడా చెప్పండి. సముద్రపు చేపతో వచ్చేది వేరే బాక్టీరియా కావచ్చు, దానికి రాసే మందు కూడా వేరుగా ఉండవచ్చు. వారాలు గడిచినా మానని చిన్న గడ్డ వేలి మీద మిగిలితే అది కూడా చూపించండి. చేపల తొట్లు కడిగేవాళ్ళకు, చేపలు కోసేవాళ్ళకు నెమ్మదిగా పెరిగే క్షయజాతి బాక్టీరియా ఒకటి అలా పట్టుకుంటుంది, దానికి చికిత్స నెలల తరబడి సాగుతుంది.